పాత బండి కొనేముందు: గూళ్లు మోసే మనం చూసుకోవాల్సినవి



పోయిన నెల గుంపులో ముగ్గురు నలుగురు ఒకే మాట అడిగారు. "పాత ఓమ్ని ఒకటి వస్తోంది, తీసుకోవచ్చునా?" "టాటా ఏస్ 2012 మోడలు, లక్షా 40 అంటున్నాడు, ఏమంటారు?" అని. ఫోటో చూసి బండి బాగుందో లేదో చెప్పడం ఎవరి చేతా కాదు. మేము ఇన్నేళ్లలో మూడు పాత బండ్లు కొన్నాం. మొదటి రెండింట్లో బాగా తగిలించుకున్నాం. ఆ తగిలిన దెబ్బలు, మా ఊరి మెకానిక్కు మేస్త్రీ దగ్గర కూర్చుని నేర్చుకున్నవి కలిపి రాస్తున్నాం. మేము మెకానిక్కులం కాదు, మల్బరీ పెట్టుకుని పురుగులు మేపేవాళ్లం. అందుకే మన పనికి బండి ఎట్లా ఉండాలో ఆ కోణంలోనే రాస్తాం.

మొదటి బండి సంగతి

2013లో చింతామణి దగ్గర ఒక బ్రోకరు చేత 2007 మోడలు ఓమ్ని కొన్నాం. 92 వేలు. మేము పోయేసరికి బండి కడిగి, టైర్లకు నల్ల పాలిష్ కొట్టి, సీటు కవర్లు కొత్తవి వేసి పెట్టాడు. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. "అన్నా, ఇంజన్ మీద ఇంతవరకు చెయ్యే పెట్టలేదు" అన్నాడు. ఇంజన్ వెచ్చగా ఉందేమని మా తమ్ముడు అడిగితే, "ఇప్పుడే పెట్రోలు పోయించుకుని వచ్చినా" అన్నాడు. సరే అనుకున్నాం. అక్కడే మోసపోయాం.

మూడో వారం పంట దిగింది. 140 కిలోల బైవోల్టిన్ గూళ్లు. రామనగర మార్కెట్టుకు పోదామని రాత్రి పదికి బయలుదేరాం. హొసకోటె దాటినాక వేడి ముల్లు పైకి పోయింది. అయిదు నిముషాల్లో సీటు కింద నుంచి ఆవిరి, ఆ తర్వాత బండి నిలిచిపోయింది. రాత్రి ఒంటిగంట, రోడ్డు పక్కన, తలుపులు మూసిన బండిలో గూళ్ల సంచులు. తలుపులు తెరిచి సంచులన్నీ దించి, రోడ్డు పక్కన పట్ట పరిచి పెట్టుకున్నాం. తెల్లవారి టెంపో దొరికింది, 3,500 తీసుకున్నాడు. మార్కెట్టుకు చేరేసరికి ఆ రోజు వేలం అయిపోయింది. మరునాడు వేలానికి పెడితే రీలర్లు గూడు చేత్తో నొక్కి చూసి, కోసి చూసి, పక్కన మాలాంటి మాలుకు పలికిన ధరకంటే కిలోకు 90 రూపాయలు తక్కువ పాడారు. 12,600 అక్కడ పోయె. ఇంటికొచ్చి ఇంజన్ హెడ్ విప్పించి బాగు చేయిస్తే 11 వేలు. అంటే 92 వేల బండి మూడు వారాల్లో లక్షా 19 వేల బండి అయింది.

గూడు అంటే రాయి కాదు గదా. లోపల ప్యూపా బతికే ఉంటుంది, ఊపిరి తీస్తుంది, తేమ వదులుతుంది. పచ్చి గూడు బరువులో సగానికి పైగా నీరే. గాలి ఆడని చోట కుప్పగా ఉంటే చెమట పడుతుంది, కింది సంచుల్లో ప్యూపా నలిగి చచ్చి లోపల మరక పడుతుంది. ఎక్కువ రోజులు ఇంట్లో ఉంచుకుందామన్నా కుదరదు, సీతాకోక బయటికొచ్చిందంటే గూడు చిల్లు పడి రీలింగుకు పనికిరాదు. కాబట్టి మామూలు కారున్నవాళ్లకు దారిలో బండి నిలిస్తే ఒక పూట పోతుంది, మనకు నెల రోజుల కష్టం పోతుంది. పాత బండి చూసేటప్పుడు మనం ఇతరులకంటే ఎక్కువ అనుమానంగా ఉండాల్సింది ఇందుకే.

చల్లటి ఇంజన్ మాత్రమే చూడండి

అమ్మేవాడికి ముందురోజే చెప్పండి: "రేపు పొద్దున ఏడింటికి వస్తాం, మేము వచ్చేవరకు స్టార్ట్ చేయొద్దు." పోగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏ కారణం చెప్పినా వినకండి, ఇంకో రోజు వస్తామని లేచి వచ్చేయండి. వేడెక్కిన ఇంజన్ చాలా జబ్బులు దాచుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ బలం, డీజిల్ బండైతే హీటర్ ప్లగ్గులు, పంపు, కంప్రెషను, అన్నీ మొదటి స్టార్టులోనే బయటపడతాయి. ఒకటి రెండు తిప్పుళ్లలో పట్టుకోవాలి. పది తిప్పుళ్లు తిప్పి, యాక్సిలరేటరు తొక్కి తొక్కి స్టార్ట్ చేస్తున్నాడంటే ఏదో ఉంది.

స్టార్ట్ చేయకముందే మూడు చూడాలి. ఆయిల్ చూసే కడ్డీ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీయండి. ఆయిల్ గీతల మధ్యన ఉండాలి. నల్లగా ఉంటే భయం లేదు, డీజిల్ బండిలో మార్చిన వారానికే నల్లబడుతుంది. మరీ జిగటగా, తేనె మాదిరి సాగుతుంటే అనుమానించాలి. అరిగిన ఇంజన్ చప్పుడు, పొగ కనబడకుండా చిక్కటి ఆయిల్ పోసి అమ్మడం పాత పద్ధతి. తర్వాత ఆయిల్ పోసే మూత తిప్పి కింది వైపు చూడండి. అక్కడ పాలు కలిపిన కాఫీ రంగులో మీగడలాగా అంటుకుని ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయని గుర్తు. మూడోది రేడియేటరు మూత. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తెరవాలి, వేడిమీద తెరిస్తే మొహం కాలుతుంది. నీళ్ల మీద నూనె తెట్టె తేలుతోందా, తుప్పు నీళ్లా, కూలెంటా చూడండి. పసుపు పొడి రంగు, ఆ వాసన తగిలినా వదిలిపెట్టకండి. దారిలో రేడియేటరు కారితే గుప్పెడు పసుపు వేసి నిలబెట్టుకోవడం లారీవాళ్ల ఉపాయం. దారిలో మంచిదే, అమ్మకంలో మాత్రం అది దాపరికం.

ఈ నీళ్లూ నూనే ఎట్లా కలుస్తాయని మేము మేస్త్రీని అడిగాం. ఆయన విప్పి పెట్టిన మా ఇంజనే చూపించి చెప్పాడు. ఇంజనుకు కింద బ్లాకు, పైన హెడ్డు. రెండింటి నడుమ పలచటి రేకులాంటి గ్యాస్కెట్టు. మంట మండే సిలిండర్లు, చల్లార్చే నీటి దారులు, ఆయిల్ పోయే దారులు, ఈ మూడూ ఆ గ్యాస్కెట్టులో పక్కపక్కనే ఉంటాయి, ఒకదాంట్లోది ఇంకొకదాంట్లోకి పోకుండా అదే ఆపుతుంది. ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కిందంటే అల్యూమినియం హెడ్డు వెంట్రుకవాసి వంగుతుంది. అంతే, గ్యాస్కెట్టు ఆ సందులో కాలిపోతుంది. అప్పటినుంచి మంట గాలి నీళ్లలోకి, నీళ్లు ఆయిల్లోకి, నీళ్లు సిలిండర్లోకి. ఉత్త గ్యాస్కెట్టు మార్చితే చాలదు, వంగిన హెడ్డును లేతులో సాపు చేయించాలి, లేదంటే ఆరు నెలల్లో మళ్లీ పోతుంది. బ్రోకర్లు చేసేది ఉత్త గ్యాస్కెట్టే. మాకు అమ్మినవాడు అదీ చేయలేదు, రేడియేటరు నింపి, వెచ్చబెట్టి చూపించాడు.

దీన్ని పట్టుకోవడం సులభం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటరు మూత తెరిచే ఉంచి రెండు నిముషాలు చూడండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే మంట గాలి వస్తున్నట్టే. ఇంకా వేడెక్కకముందే పై రబ్బరు గొట్టం రాయిలాగా గట్టిపడినా అదే అర్థం. ఓమ్నికి ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, 796 సీసీ చిన్న ఇంజను. వేడి కాస్త ఎక్కువైనా సీటు కిందే తెలుస్తుంది. 2019లో ఓమ్ని తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పాతవే, గ్యాస్కెట్టు సంగతి చూడకుండా ఏదీ తీసుకోకండి. ఏస్ 2005లో వచ్చినప్పుడు రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజనుతో వచ్చింది. అది మొండిది గానీ, రాసిన బరువుకు రెండింతలు వేసి నడిపిన బండ్లే ఎక్కువ, వాటికీ ఈ వేడి జబ్బు ఉంటుంది.

పొగ రంగు చాలామందికి తెలిసిందే, కొద్దిలో చెప్తాం. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగాయి. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ పోతోంది లేదా గాలి చాలట్లేదు, ఇది చిన్న ఖర్చుతోనూ పోవచ్చు. తెల్ల పొగ చలికాలం పొద్దున రెండు నిముషాలు మామూలే, వేడెక్కినా ఆగకుండా వస్తే పైన చెప్పిన గ్యాస్కెట్టు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి, దాన్ని తిప్పి ఉత్తనే పైన పెట్టి చూడండి. మూత కొంచెం వణికితే ఫరవాలేదు. ఎగిరి పడినా, అక్కడి నుంచి గుప్పు గుప్పుమని పొగ వచ్చినా ఇంజన్ బోరుకు వచ్చిందన్నమాట. అప్పుడు బేరం ఆడే పని లేదు.

నడిపి చూడటం అంటే నలుగురిని ఎక్కించుకుని

ఖాళీ బండి తారు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పితే అన్నీ బాగానే ఉంటాయి. మన బండి ఖాళీగా పోదు. మేము ఇప్పుడు బండి చూడ్డానికి పోతే ఇంట్లో నలుగురం పోతాం, కూర్చునేది అందరం అందులోనే. నంది కొండ ఎక్కించాల్సిన పని లేదు, ఊరి చెరువుకట్ట ఎక్కించినా చాలు. రెండో గేరులో ఎక్కేటప్పుడు ఇంజన్ చప్పుడు పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్చు జారుతోంది. సాపు నేల మీద ఇంకో పరీక్ష: హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్చు మెల్లగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూనే ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఇది ఒక్కసారే చేయండి, మళ్లీ మళ్లీ చేస్తే ఉన్న ప్లేటు మనమే కాల్చినట్టు.

ఇరవై ముప్పై నిముషాలు నడిపి వేడి ముల్లు చూడండి. సగం దగ్గర నిలిచి కదలకూడదు. తిరిగొచ్చాక బండి ఆపి, పది నిముషాలు మాటల్లో పెట్టి, మళ్లీ స్టార్ట్ చేయమనండి. వేడిమీద స్టార్ట్ కాని బండ్లు కొన్ని ఉంటాయి, అవి మార్కెట్టు వరుసలో మన పరువు తీస్తాయి. ఆపిన చోట నేల మీద చుక్కలు ఏమైనా పడ్డాయా అనేదీ చూడండి.

కిలోమీటర్ల అంకె నమ్మొద్దు. పెడల్ రబ్బరు అరిగి ఇనుము తేలి, స్టీరింగు నున్నబడి ఉంటే మీటరు 40 వేలు చూపించినా అది లక్షన్నర తిరిగిన బండే. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. ఆరేడేళ్లు దాటిన టైరుకు గాట్లు లోతుగా ఉన్నా రబ్బరు ఎండిపోయి ఉంటుంది, నాలుగు టైర్ల ఖర్చు ధరలోనే తగ్గించుకోండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద మరక ఉంటే వరదలో మునిగిన బండి. తలుపుల బోల్టులకు రెంచి గాట్లు ఉంటే తలుపు విప్పారు, ఎందుకు విప్పారో అడగండి.

అడుగు రేకు: మన కులానికే ఉన్న జబ్బు

పట్టు రైతు దగ్గరే బండి కొందాం, మనవాడు గదా, గూళ్లు తప్ప ఏమీ మోయలేదు గదా అనుకుంటారు. అడుగు రేకు చూడకుండా కొనకండి. మనం వేసే తడి మల్బరీ కొమ్మలు, దానికితోడు బ్లీచింగు. పురుగుల ఇంటికి కొట్టే రెండు శాతం బ్లీచింగ్ సున్నం నీళ్లే బండికీ కొడతాం. క్లోరిన్ పురుగు రోగాలను ఎట్లా చంపుతుందో ఇనుమునూ అట్లే తింటుంది. పైన రంగు బాగానే ఉంటుంది, మ్యాటు ఎత్తి చూస్తే రేకు అప్పడం. మా ఓమ్నికి నాలుగేళ్లకు వెనక చక్రాల పైనున్న రేకులో చెయ్యి దూరేది. అది చేసింది అమ్మినవాడు కాదు, మేమే.

మ్యాటు ఎత్తించండి. స్క్రూడ్రైవరు పిడితో అడుగంతా తట్టండి. ఖంగుమంటే ఇనుము ఉంది, దబ్బుమంటే తుప్పు మీద పుట్టీ. బండి కింద పడుకుని చాసిస్ పట్టీలు, స్ప్రింగు పట్టే చోట్లు చూడండి. తలుపు తుప్పు అందం సమస్య, వెల్డింగుతో పోతుంది. చాసిస్ తుప్పు ప్రాణం సమస్య, దానికి బేరం లేదు.

మీ బండికి ఇట్లా కాకుండా ఉండాలంటే బండి లోపలికి బ్లీచింగు నేరుగా కొట్టకండి. అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్ట వేసి, ఆ పట్టను బయటికి తీసి ఉతికి, బ్లీచింగులో ముంచి ఎండబెట్టుకోండి. తప్పక కొట్టాల్సి వస్తే అరగంట తర్వాత మంచినీళ్లతో కడిగి, తలుపులు తెరిచి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. చెత్త, పురుగుల పెంట మోసిన బండిలోనే మరునాడు చాకీ పురుగులు తేవడం మాత్రం వద్దు. సున్నపుకట్టు, పాలరోగం మన చేత్తో మనమే ఇంటికి తెచ్చుకున్నట్టు అవుతుంది.

వాసన చూడండి, ఇది అన్నిటికంటే ముఖ్యం

రెండో బండి ఏస్. 2017లో కొన్నాం. ఈసారి ఇంజన్ చల్లగానే చూశాం, హెడ్డు చూశాం, క్లచ్చు చూశాం, మేస్త్రీని కూడా వెంట తీసుకుపోయాం. ఇంజన్ ముత్యం లాంటిది. వెనక తొట్టిలో మందపాటి రబ్బరు మ్యాటు వేసి ఉంది, అదీ ఉచితంగా ఇస్తానన్నాడు. సంతోషపడ్డాం.

కొన్న ఎనిమిదో రోజు చాకీ తెచ్చాం. రెండో జ్వరం లేచిన పురుగులు, 200 గుడ్లవి. పొద్దున అయిదున్నరకు చల్లగా ఉన్నప్పుడే బయలుదేరి నలభై నిముషాల్లో ఇంటికి చేర్చాం. సాయంత్రం మేతకు చూస్తే కొన్ని ట్రేల పురుగులు ఆకు ముట్టలేదు. తల ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి, నోట్లోంచి పచ్చటి రసం కక్కుతున్నాయి, ట్రే అంచుకు పాకుతున్నాయి. మరునాటికి ఒళ్లు కుంచించుకుపోయి చచ్చాయి. మాకు మొదట వచ్చిన ఆలోచన చాకీ కేంద్రం వాళ్లు చెడ్డ పురుగులు ఇచ్చారని. ఫోన్ చేసి నాలుగు మాటలు అనేశాం కూడా. వాళ్లేమో అదే బ్యాచ్ తీసుకున్న మిగతా రైతులందరికీ బాగున్నాయన్నారు. తర్వాత మా తోట ఆకును అనుమానించాం, పక్క పొలంలో టమాటాకు మందు కొట్టారేమోనని. అదే ఆకు తిన్న మిగతా ట్రేలు బాగానే ఉన్నాయి మరి.

మా ఇంటామె లెక్క పెట్టి చూసింది. బండిలో ట్రేలు ఒకదానిమీద ఒకటి పెట్టి తెచ్చాం. చచ్చినవన్నీ అడుగు వరుసలోవి, మ్యాటుకు ఆనుకుని ఉన్నవి. పై వరుసల్లో ఒక్కటీ పోలేదు. అప్పుడు మ్యాటు తీసి మూత దగ్గర పెట్టుకుని వాసన చూస్తే మందు వాసన. బండి పాత యజమాని దగ్గరికి పోయి అడిగితే, దాపరికం లేకుండా చెప్పాడు: మూడేళ్లు ఎరువులు, పురుగుమందుల అంగడికి డబ్బాలు మోశాడట. పగిలిన డబ్బాల మందు రబ్బరు పీల్చుకుంది. ఆయన అబద్ధం చెప్పలేదు, మేము అడగనేలేదు. ఆ పంట 98 కిలోలతో ముగిసింది. చాకీ వాళ్ల దగ్గరికి పోయి తప్పు మాదేనని చెప్పి వచ్చాం.

టమాటాకు, గులాబీకి కొట్టే మందు చుక్కతో ఒక ఆకుపురుగు చస్తుంది, పట్టుపురుగూ అదే జాతిదే. ఇంజన్ మీద పెట్టే శ్రద్ధ దీనిమీద కూడా పెట్టండి. ఈ బండి ఏం మోసిందో మొదటే అడగండి. మందుల అంగడి, పూల తోటల కూలీ బండి, పొగాకు మోసినది అయితే ఎంత చౌకైనా చాకీకి పనికిరాదనే అనుకోండి, గూళ్లకు వాడుకోవచ్చు. తలుపులు, అద్దాలు మూసి ఎండలో గంటసేపు నిలబెట్టి, తెరవగానే ముక్కు పెట్టండి. వాసన వచ్చేది అప్పుడే. కారు సెంటు డబ్బా వేలాడదీసి ఉంటే తీసేయించి చూడండి. ఆ సెంటు కూడా పురుగులకు పడదు, దోమల బత్తి కూడా అంతే.

కొన్నాక రబ్బరు మ్యాటు, చెక్క, స్పాంజి, ఇట్లాంటి పీల్చేవన్నీ తీసి పారేయండి. రేకును సోడా సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, పదిహేను రోజులు ఎండ గాలి తగలనివ్వండి. ఆ తర్వాత మేము చేసే పరీక్ష: పక్క రైతు దగ్గర ఇరవై పురుగులు అడిగి తెచ్చి, రెండు ట్రేల్లో పదేసి వేసి, ఒకటి బండి అడుగున పెట్టి పట్ట కప్పి ఉంచుతాం, ఇంకొకటి ఇంట్లో. రెండింటికీ ఒకే ఆకు. ఒక రోజు ఆగి చూస్తాం. రెండూ ఒకేలా తింటే బండి పనికొస్తుంది.

కాగితాలు

బండిలో తప్పు మెకానిక్కు బాగు చేస్తాడు, కాగితంలో తప్పు బాగవడానికి ఏళ్లు పడుతుంది. ఆర్.సి.లో ఉన్న చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో అక్షరం అక్షరం పోల్చండి. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే యజమాని పేరులో కొన్ని అక్షరాలు, ఇన్సూరెన్సు గడువు, ఫిట్‌నెస్ గడువు కనబడతాయి. ఆర్.సి.లో ఏదైనా బ్యాంకు లేదా ఫైనాన్సు పేరుంటే, అప్పు తీరిందన్న నోటి మాట చాలదు. వాళ్ల ఎన్.ఓ.సి., ఫారం 35 కావాలి. మారుపేరుకు ఫారం 29, 30. కొన్నవాళ్లం 30 రోజుల్లోపు ఆర్.టి.ఓ.కు ఇచ్చుకోవాలి. ఇన్సూరెన్సు పేరు మార్పు 14 రోజుల్లో అడగాలి, దీన్ని అందరూ మరుస్తారు.

మన పాత బండి అమ్మేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్త కావాలి. ఫారాల మీద సంతకం పెట్టి తాళం ఇచ్చేసి మరిచిపోతాం. కొన్నవాడు మారుపేరు చేసుకోకుండా ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి. ఎక్కడో యాక్సిడెంటు అయితే నోటీసు మన ఇంటికొస్తుంది. రిజిస్టరులో పేరున్నవాడే యజమాని, నష్టపరిహారం బాధ్యత అతనిదే అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మా బంధువొకరు ఇట్లాగే కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. ఆన్‌లైన్లో మన పేరు మారిందని కనబడేవరకు పదివేలైనా బాకీ పెట్టుకోండి.

మనవాళ్లం సరిహద్దుల్లో ఉంటాం. మదనపల్లిలో చౌకగా వచ్చిందని చిక్కబళ్లాపురానికి, కోలారులో వచ్చిందని హొసూరుకు తెచ్చుకుంటాం. చట్టం కేంద్రానిది, ఒడిశాలో ఉన్నా మహారాష్ట్రలో ఉన్నా ఇదే మాట: వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి మన రాష్ట్రంలో ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించాలి. అందుకు అమ్మినవాళ్ల ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28 ఎన్.ఓ.సి. కావాలి, ఇక్కడి రోడ్డు ట్యాక్సు కట్టాలి. ఆ ట్యాక్సు ఎంతవుతుందో ముందే ఆర్.టి.ఓ.లో కనుక్కుని బండి ధరకు కలిపి చూడండి, చాలాసార్లు ఆ చౌక అక్కడే పోతుంది. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషను తిరగరాయించాలి. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది. 14 ఏళ్ల బండి చౌకగా ఎందుకు వస్తోందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఏస్ లాంటివి సరుకు బండ్లుగా రిజిస్టరు అయి ఉంటాయి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటనివి కాబట్టి పర్మిట్ అక్కర్లేదు, ఫిట్‌నెస్ మాత్రం కావాలి, ఎనిమిదేళ్లు దాటితే ఏటేటా. ఓమ్ని, ఈకో సీట్లు పీకేసి గూళ్లు వేసేవాళ్లకు ఒక మాట: ఆర్.సి.లో రాసిన సీట్లు తీసేస్తే అది బండి రూపం మార్చినట్టు లెక్క. యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు వాళ్లకు అదొక సాకు దొరుకుతుంది. సీట్లు మడిచి వాడుకోండి.

బాగు చేయించాలా, అమ్మేయాలా, అసలు కొనాలా

మేము బండికి ఒక నోటుబుక్కు పెట్టాం. తేదీ, ఏం చేయించాం, ఎంత అయింది. పదిహేను వందలు, రెండు వేలు అని చిల్లరగా పోయేది సంవత్సరం చివర కూడితేనే కనబడుతుంది. క్లచ్చు, బ్రేకు, బ్యాటరీ, టైర్లు, ఇవి ఏ బండికైనా అరిగేవే. వీటికి ఖర్చైందని బండిని తిట్టకూడదు. ఒకే జబ్బు రెండోసారి వస్తే మాత్రం అమ్మడమే మేలు. ఇంజన్ బోరు చేయించే ఖర్చు బండి ధరలో మూడో వంతు దాటితే మేము చేయించం. చాసిస్ తుప్పుకు చేయించనే చేయించం.

నిజం చెప్పాలంటే అందరికీ బండి అవసరం లేదు. మా లెక్క చూడండి. సంవత్సరానికి ఆరు పంటలు. పంటకు చాకీ తేవడానికి ఒక బాడుగ 800, మార్కెట్టుకు ఒక బాడుగ 3,000. ఆరుకు 22,800. మా బండికి ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, రిపేర్లు, టైర్ల వంతు కలిపితే పోయిన సంవత్సరం 31 వేలు, డీజిల్ వేరే. ఉత్త పట్టు పనికే అయితే బాడుగే చౌక. మేము పెట్టుకున్నది తోట రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి, రోజూ కొమ్మలు తేవాలి కాబట్టి. ఎకరా తోట ఇంటి వెనకే ఉన్నవాళ్లు అప్పు చేసి బండి కొంటే అది రెండో పురుగుల ఇల్లే, మేపుతూ ఉండాలి. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు కలిసి కొనుక్కున్న చోట్ల బాగా నడుస్తోంది. అయితే పంటల తేదీలు నాలుగు రోజులైనా అటూ ఇటూ పెట్టుకోవాలి, లేకపోతే అందరికీ ఒకే రాత్రి బండి కావాలి.

కొనే వేళ కూడా చూసుకోండి. నాలుగో జ్వరం లేచి పురుగులు ఆబగా తింటున్నప్పుడు, చంద్రికలకు ఎక్కించే తొందరలో ఉన్నప్పుడు ఎవరూ బండి సరిగ్గా చూడలేరు. "ఈ పంటకే కావాలి" అన్న మాట మన నోట్లోంచి వచ్చిందంటే బ్రోకరు పదివేలు పెంచినట్టే. పంట అమ్మి, ఇల్లు కడిగి, బ్లీచింగు కొట్టి ఆరబెట్టుకునే ఆ పది పదిహేను రోజుల్లో పోయి చూడండి. మొదటి పంట గూళ్లకు కొత్త బండి నమ్ముకోకుండా దగ్గరి మార్కెట్టుకు వేసుకుపోండి, శిడ్లఘట్ట దగ్గరున్నవాళ్లు శిడ్లఘట్టకే, హొసూరు వైపువాళ్లు కృష్ణగిరికే. టెంపో నడిపేవాళ్లు ఒకరి ఫోన్ నంబరు జేబులో ఉంచుకోండి. మేము ఇప్పటికీ ఉంచుకుంటాం.

ఎవరైనా బండి చూడ్డానికి పోయే ముందు గుంపులో ఊరు, మోడలు, అడుగుతున్న ధర రాయండి. ఆ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో ఒకరు వెంట వస్తారు. ఫోటో పెడితే మ్యాటు ఎత్తి తీసిన ఫోటో పెట్టండి.